ఆర్ట్సా? సైన్సా? – మన జిల్లా డిగ్రీ చదువుల ముచ్చట



పోయిన సంవత్సరం మన సంఘం స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసిన రోజు జరిగిన ఒక చిన్న సంగతితో ఈ వ్యాసం మొదలుపెడుతున్నాను. బోధన్ నుంచి ఒక తండ్రి తన బిడ్డను వెంటబెట్టుకొని వచ్చినాడు. అమ్మాయి ఇంటర్ ఎం.పి.సి. మంచి మార్కులతో పాసయింది. ఫారంలో "చేరదలచిన కోర్సు" అన్న చోట మొదట లెక్కలు అని రాసింది. పక్కన చరిత్ర, ఉర్దూ అని రాసి, మళ్ళీ వాటిని కొట్టేసింది.

"ఇదేందమ్మా, కొట్టివేతలు?" అని అడిగితే, "రెండూ చదవాలని వుంది సర్. రెండూ కలిపి చదివే డిగ్రీ వుంటదా?" అన్నది.

తండ్రి మధ్యలో అందుకొని, "పిచ్చిది సాబ్. బి.ఏ. చదివి ఏం చేస్తది? మీరు బి.ఎస్సీ. అనే రాసుకోండి" అన్నాడు.

మేము బి.ఎస్సీ. అనే రాసుకున్నాము. ఎందుకంటే మన సంఘం నియమం ప్రకారం స్కాలర్‌షిప్ "సైన్సు, టెక్నికల్, వృత్తి విద్యల" వారికే. ఈ నియమం రాసిన ముగ్గురిలో నేనూ ఒకణ్ణి. ఆ రోజు ఇంటికి పోయినాక కూడా ఆ అమ్మాయి ప్రశ్న నన్ను వదలలేదు. రెండూ కలిపి చదివే డిగ్రీ వుంటదా? వుండేదా? ఎప్పుడు విడిపోయినాయి ఈ రెండు? చరిత్ర చదువుకున్నవాణ్ణి గనక తెలిసినంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

పాత రోజుల్లో ఈ విభజనే లేదు. లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ సాహెబ్ (ఆయన 1748లో కాలం చేసినారు) స్థిరపరచిన పాఠ్యక్రమాన్ని దర్సె నిజామీ అంటారు. చాలామంది దీనికీ మన హైదరాబాద్ నిజాముకూ సంబంధం వుందనుకుంటారు, అది పొరపాటు. ఆ పాఠ్యక్రమంలో వ్యాకరణం, సాహిత్యం, ఫిఖ్‌తో పాటు తర్కశాస్త్రం, గణితం, ఖగోళం కూడా వుండేవి. తల్లిదండ్రులు తమ బిడ్డను "ఆర్ట్సులో వేసినాము" అనో "సైన్సులో వేసినాము" అనో చెప్పుకునే అవసరం రాలేదు.

ఇంగ్లీషు వారి యూనివర్సిటీలు వచ్చిన తర్వాత కూడా చాలాకాలం ఇట్లాగే నడిచింది. సర్ సి.వి. రామన్ గారిది ఏ డిగ్రీ అని మన పిల్లలను అడిగి చూడండి, బి.ఎస్సీ. అని గుడ్డిగా చెప్తారు. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో 1904లో పాసయింది బి.ఏ.! భౌతికశాస్త్రంలోనూ ఇంగ్లీషులోనూ బంగారు పతకాలు తీసుకున్నారు. 1907లో ఎం.ఏ. పాసయినారు, అదీ భౌతికశాస్త్రంలోనే. తర్వాత పదేళ్ళు ప్రభుత్వ ఆర్థిక శాఖలో లెక్కల ఉద్యోగం చేస్తూ, ఉదయం సాయంత్రం ప్రయోగశాలలో గడిపినారు. జగదీశ్ చంద్ర బోస్ గారు ఇంకొక అడుగు ముందున్నారు. 1884లో కేంబ్రిడ్జి నుంచి బి.ఏ., లండన్ యూనివర్సిటీ నుంచి బి.ఎస్సీ. రెండూ తెచ్చుకున్నారు. చదివింది ప్రకృతి శాస్త్రాలే, కేంబ్రిడ్జి వాళ్ళు దానికి బి.ఏ. అని పేరు పెట్టినారు, ఇప్పటికీ అట్లాగే పెడుతున్నారు. పేరులో ఏముంది అనుకుంటాము గాని, మన సంఘం ఫారం నింపి వుంటే రామన్ గారికి స్కాలర్‌షిప్ వచ్చేది కాదు.

ఇక మన హైదరాబాద్ సంస్థానం సంగతి. ఇక్కడ పాశ్చాత్య సైన్సును దేశభాషలోకి తెచ్చే పని ఉస్మానియా కంటే చాలా ముందే మొదలయింది. 1830-40 ప్రాంతాల్లో నవాబ్ ఫక్రుద్దీన్ ఖాన్ షమ్సుల్ ఉమరా గారు యంత్రశాస్త్రం, ఖగోళం మొదలైన విషయాల మీద ఇంగ్లీషు గ్రంథాలను ఉర్దూలోకి అనువాదం చేయించి అచ్చు వేయించినారు. ఆరు గ్రంథాలు గనక "సిత్తయె షమ్సియా" అన్నారు. తర్వాత అఘోరనాథ చట్టోపాధ్యాయ గారు వచ్చినారు. సరోజినీ నాయుడు గారి తండ్రి. ఎడింబరోలో డి.ఎస్సీ. చేసిన రసాయన శాస్త్రవేత్త, నిజాం కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్. ఆ ఇంట్లో కెమిస్ట్రీ, కవిత్వం ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నాయి. నిజాం కాలేజీ 1887లో ఏర్పడింది గాని మద్రాసు యూనివర్సిటీకి అనుబంధం, చదువంతా ఇంగ్లీషులో. జిల్లాల నుంచి సామాన్య కుటుంబాల పిల్లలకు అది దూరపు కొండే.

1917లో ఫర్మానా వచ్చింది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఏర్పడింది. 1919 ఆగస్టులో గన్‌ఫౌండ్రీ దగ్గర ఇంటర్మీడియట్ తరగతులు మొదలైనాయి. మొదటి జట్టులో 225 మంది విద్యార్థులు, 25 మంది అధ్యాపకులు. బోధన ఉర్దూలో, ఇంగ్లీషు మాత్రం అందరికీ తప్పనిసరి. భారతీయ భాష ఒకదానిలో యూనివర్సిటీ స్థాయి చదువంతా, సైన్సుతో సహా, చెప్పటం ఈ దేశంలో కొత్త సాహసం.

ఐతే పుస్తకాలేవి? యూనివర్సిటీ కంటే ముందే 1917లో దారుల్ తర్జుమా, అంటే అనువాద శాఖ, మౌల్వీ అబ్దుల్ హఖ్ సాహెబ్ ఆధ్వర్యంలో పని మొదలుపెట్టింది. ఇక్కడ నేను కొంచెం ఆగుతాను, ఎందుకంటే మన విషయానికి ప్రాణం ఇక్కడే వున్నది. ఒక ఫిజిక్సు పుస్తకాన్ని ఉర్దూలోకి తేవాలంటే ఫిజిక్సు తెలిసినవాడొక్కడితో కాదు, భాష తెలిసినవాడొక్కడితో కాదు. పరిభాష తయారుచేసే సభల్లో సైన్సు ప్రొఫెసర్లు ఒక దిక్కు, అరబీ ఫార్సీ పండితులు ఒక దిక్కు కూర్చొని ఒక్కొక్క మాట మీద వాదులాడేవారు. ఆర్ట్సు, సైన్సు చెరొక కుర్చీలో కూర్చొని ఒకే మాట కోసం కష్టపడిన చోటు అది. తబ్ఈయాత్ అంటే భౌతికశాస్త్రం, నబాతాత్ అంటే వృక్షశాస్త్రం, మఆషియాత్ అంటే అర్థశాస్త్రం. ఇటువంటి మాటలు విద్యార్థుల నోట నిలిచినాయి. ఉర్దూ ప్రొఫెసర్ వహీదుద్దీన్ సలీం గారు మాటలు పుట్టించే పద్ధతుల మీద 1921లో "వజె ఇస్తిలాహాత్" అని పుస్తకమే రాసినారు. జోష్ మలీహాబాదీ వంటి కవి ఈ శాఖలో చాలా ఏళ్ళు ఉద్యోగం చేసినారు. చరిత్ర, తత్వం, గణితం, వైద్యం, ఇంజనీరింగు, అన్నీ కలిపి వందల పుస్తకాలు అచ్చయినాయి.

ఈ చదువు ఎటువంటి మనుషులను తయారుచేసింది అంటే ఇద్దరిని చెబుతాను. ఇద్దరూ హైదరాబాద్‌లో 1908లో పుట్టినవారే, ఇద్దరూ ఉస్మానియాలో చదివినవారే. రజీయుద్దీన్ సిద్దీఖీ గారు గణితం పట్టుకొని కేంబ్రిడ్జి వెళ్ళి, తర్వాత జర్మనీలోని లైప్జిగ్‌లో హైసెన్‌బర్గ్ దగ్గర డాక్టరేటు చేసినారు. తిరిగివచ్చి ఉస్మానియాలో గణితం చెప్పినారు. సాపేక్షతా సిద్ధాంతం మీద ఉర్దూలో పుస్తకం రాసిన ఆ చేతితోనే ఇక్బాల్ కవిత్వంలో కాలము, స్థలము అన్న విషయం మీద కూడా రాసినారు. రెండవవారు ముహమ్మద్ హమీదుల్లా గారు. న్యాయశాస్త్రం, చరిత్ర చదివి బాన్‌లోను, పారిస్‌లోను డాక్టరేట్లు పొందినారు. ఒకరిది సైన్సు, ఒకరిది ఆర్ట్సు అని మనం అనవచ్చు గాని, ఒకరి పుస్తకం ఒకరు చదివి అర్థం చేసుకోగల భాష వారికి వుండినది.

అయితే, నాణేనికి రెండో ముఖం కూడా చెప్పాలి. తెలుగు మాతృభాష అయిన మన ఇరుగుపొరుగు పిల్లలకు ఈ ఉర్దూ చదువు ఇంగ్లీషు చదువంత కష్టంగానే వుండేది. ఊళ్ళో తెలుగు, బడిలో ఉర్దూ, యూనివర్సిటీలో ఉర్దూతో ఇంగ్లీషు. ఉస్మానియాలో తెలుగు శాఖ వుంది, రాయప్రోలు సుబ్బారావు గారంతటి కవి దానికి పెద్ద. కాని తెలుగులో సైన్సు చదివే వీలు లేదు. దీనికి తోడు 1938లో వందేమాతరం ఉద్యమం వచ్చింది. హాస్టళ్ళలో ఆ పాట పాడినందుకు వందలమంది విద్యార్థులను బహిష్కరించినారు. వారిలో చాలామందిని నాగపూర్ యూనివర్సిటీ చేర్చుకున్నది. పి.వి. నరసింహారావు గారు అట్లా వెళ్ళినవారే. పూనా ఫెర్గూసన్ కాలేజీలో బి.ఎస్సీ., నాగపూర్‌లో లా చదివినారు. ఆ బి.ఎస్సీ. చదివినాయనే తర్వాత విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలు నవలను "సహస్రఫణ్" పేరుతో హిందీలోకి అనువాదం చేసినారు. మనం గర్వంగా చెప్పుకునే ఉస్మానియా నుంచే అటువంటి విద్యార్థిని పంపించేసినారన్నది కూడా మన చరిత్రే. దాచుకుంటే లాభం లేదు.

హైదరాబాద్ సంగతి చాలు, మన బోధన్ దిక్కు వద్దాం. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ గారు. ఆ నీళ్ళతో వరి వచ్చింది, చెరుకు వచ్చింది. చెరుకు వెంట 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ, దాని వెంట శక్కర్ నగర్, జానకంపేట నుంచి రైలు పట్టా. ఆసియాలోనే పెద్ద ఫ్యాక్టరీ అని మా పెద్దలు చెప్పుకునేవారు. నేను పుట్టి పెరిగింది ఆ హూటర్ చప్పుడులోనే. మా అబ్బా అందులో షిఫ్టు పని చేసేవారు. సీజన్ మొదలైతే బండ్లు రాత్రంతా వరుసగా నిలబడేవి, ఊరంతా మడ్డి వాసన. ఎండాకాలం వచ్చి ఆ వాసన ఆగిపోతే ఏదో తక్కువైనట్టు వుండేది.

చదువు గురించి రాస్తానని ఫ్యాక్టరీ గురించి రాస్తున్నానేమిటి అనుకోవద్దు. నేను సైన్సు అంటే ఏమిటో మొదట చూసింది బడిలో కాదు, అక్కడ. చెరుకు ఆడించిన రసాన్ని వేడి చేస్తారు, సున్నం కలుపుతారు, గంధకం పొగ పట్టిస్తారు, మురికి కిందికి దిగుతుంది. తేట రసాన్ని ఆవిరి మీద చిక్కబరచి, గాలి తీసేసిన పెద్ద పాన్లలో ఉడికిస్తే గింజ కడుతుంది. గిర్రున తిరిగే మిషన్లలో వేస్తే మడ్డి వేరు, చక్కెర వేరు. వంద కిలోల చెరుకు ఆడిస్తే తొమ్మిది, పది కిలోల చక్కెర. ఆ ఒక్క కిలో తేడా దగ్గరనే ఫ్యాక్టరీ లాభమా నష్టమా తేలేది. కాబట్టి ప్రతి గంటకు రసం నమూనా లాబొరేటరీకి పోవలసిందే.

ఆ లాబొరేటరీలో ఒక పెద్దమనిషి వుండేవారు. పాత ఉస్మానియన్, ఉర్దూలో కెమిస్ట్రీ చదివిన తరం. మా అబ్బాకు దోస్తు, మేము చిచ్చా అనేవాళ్ళం. ఆదివారం వారింటికి పోతే ఒక పాత నోటుబుక్కు తీసి చూపేవారు. నిండా సుందరమైన నస్తాలీఖ్ రాత, మధ్యమధ్య సమీకరణాలు. ఆమ్లాన్ని తుర్షా అని, ఆవిరి కావటాన్ని తబ్ఖీర్ అని రాసుకున్నారు. చక్కెర గింజ కట్టటాన్ని ఖల్మావ్ అంటారని చెప్పినారు. గింజకు ఖలం అంటారట. సురేకారాన్ని మన ఇండ్లలో ఖల్మీ షోరా అంటాము గదా, ఆ ఖలమే.

"చిచ్చా, ఖలం అంటే రాసే ఖలం గదా?" అని అడిగినాను.

"అదే బేటా. కోసలుదేరి నిలబడుతుంది గనక దానికీ అదే పేరు. పేరు పెట్టినవాడు ఎవడో కవి అయివుంటాడు, లేకపోతే మంచి కెమిస్టు అయివుంటాడు" అని నవ్వినారు.

ఆయన రాత్రి డ్యూటీలో రసం బ్రిక్సు చూసేవారు, తెల్లవారి రైతుల తగువులు తీర్చేవారు. చెరుకులో తీపి తక్కువైందని ఎందుకు అంటున్నారో రైతుకు తెలుగులో విడమరచి చెప్పగలిగినవాడు ఆ లాబొరేటరీలో ఆయన ఒక్కరే. ఇతరులకు లెక్క తెలుసు, మాట తెలియదు.

1948 తర్వాత ఉస్మానియాలో ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. తరం మారింది. దారుల్ తర్జుమా పుస్తకాలు అల్మారాలకే పరిమితమైనాయి. మా చిచ్చా వంటివారు నలభై ఏండ్ల వయస్సులో తమకు తెలిసిన కెమిస్ట్రీనే మళ్ళీ ఇంగ్లీషు మాటల్లో నేర్చుకోవలసి వచ్చింది. రిపోర్టులన్నీ ఇంగ్లీషులో రాయాలి. ఆ బాధ ఆయన ఎప్పుడూ చెప్పలేదు, అమ్మీకి చిచ్చీ చెబితే మాకు తెలిసింది.

1956లో నిజామాబాద్‌లో గిరిరాజ్ ప్రభుత్వ కాలేజీ వచ్చింది. అంతకుముందు డిగ్రీ అంటే హైదరాబాద్ పోవాలి, గది కిరాయి, హోటల్ తిండి. ఇప్పుడు బోధన్ నుంచి పాసింజరు బండిలోనో బస్సులోనో పొద్దున పోయి సాయంత్రం రావచ్చు. మన ఇండ్లలో ఎందరు మొదటి గ్రాడ్యుయేట్లు అయినారో, వారిలో సగం మందికి ఆ ఇరవై ఐదు కిలోమీటర్ల దారి పుణ్యమే.

ఐతే గ్రూపులు అన్న గోడ అప్పటికే లేచింది. 1969లో రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చిన తర్వాత ఆ గోడ ఇంకా కిందికి, పదహారేండ్ల పిల్లల దాకా దిగింది. ఎం.పి.సి., బై.పి.సి. తెలివైనవాళ్ళకు, మిగిలింది మిగిలినవాళ్ళకు అని ఒక లెక్క తయారయింది. ఈ లెక్క ఎవరు కట్టినారో తెలియదు గాని మనమంతా ఒప్పుకున్నాము. ఇంకా ఘోరం, ఇంట్లో మగపిల్లవానికి సైన్సు, ఆడపిల్లకు ఆర్ట్సు అని మరొక లెక్క. ల్యాబు వుంటే సాయంత్రం ఆలస్యమవుతుంది, ఆడపిల్ల చీకటి పడక ముందే ఇల్లు చేరాలి గనక! మా చెల్లెలికి లెక్కల్లో నాకంటే ఎక్కువ మార్కులు వచ్చేవి. ఆమె బి.ఏ. చదివింది, నేను బి.ఎస్సీ. చదివినాను. ఇప్పటికీ ఈద్ నాడు కలిస్తే నవ్వుతూనే ఆ మాట అంటుంది.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. 1972లో డిగ్రీలో చేరేటప్పుడు లెక్కలతో పాటు చరిత్ర తీసుకుంటానని అడిగినాను. కాలేజీ పేరు రాయను, గుమాస్తా పేరు అసలే రాయను. ఆయన నా దరఖాస్తు చూసి, "ఇది హోటల్ కాదయ్యా, ఒక ప్లేట్ ఇడ్లీ, ఒక ప్లేట్ బిర్యానీ అనటానికి" అన్నాడు. కౌంటర్ దగ్గరున్న అందరూ నవ్వినారు. నిజానికి ఉస్మానియా పరిధిలో లెక్కలు, అర్థశాస్త్రం, గణాంకశాస్త్రం కలిపి బి.ఏ. చేసే దారి వుండింది. భూగోళశాస్త్రం అటు బి.ఏ.లోనూ ఇటు బి.ఎస్సీ.లోనూ వుండేది. ఈ సంగతి మాకు చెప్పినవారు లేరు, అన్ని కాలేజీల్లో ఆ గ్రూపులు వుండేవీ కావు. నేను బి.ఎస్సీ. చేసి, ఉద్యోగంలో చేరి, ప్రైవేటుగా కూర్చొని చరిత్రలో ఎం.ఏ. పూర్తి చేసేసరికి 1983 వచ్చింది. రెండూ చదవటానికి నాకు పదకొండేండ్లు పట్టింది.

మాధ్యమం విషయంలో మటుకు మంచి మార్పు వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది, పి.వి. గారే మొదటి అధ్యక్షులు. దారుల్ తర్జుమా ఉర్దూకు చేసిన పని ఇది తెలుగుకు చేసింది. డిగ్రీ సైన్సు పుస్తకాలు తెలుగులో వచ్చినాయి. మా వీధిలో ఒక పిల్లవాడు ఉర్దూ మీడియంలో పది పాసై, తెలుగు పుస్తకాలతో డిగ్రీ చదివి, ఇంగ్లీషులో ఇంటర్వ్యూ ఇచ్చి బ్యాంకులో చేరినాడు. ఎన్ని వంతెనలు దాటినాడో చూడండి.

నా దృష్టిలో ఆర్ట్సు సైన్సుల మధ్య గోడకు మొదటి కిటికీ పెట్టింది 1982లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇప్పుడు దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారి పేరు. మొదటి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి గారు. అప్పట్లో ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది. పైగా మొదట్లో ఫౌండేషన్ కోర్సులు అని పెట్టినారు. బి.ఏ. వాడైనా, బి.ఎస్సీ. వాడైనా భాషలతో పాటు మానవీయ, సామాజిక శాస్త్రాలు కొంత, సైన్సు కొంత చదవవలసిందే. షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసే మా బంధువు ఒకతను నైట్ షిఫ్టు దిగి, ఆదివారం క్లాసుకు పోయి, పరమాణువు పాఠం, మొఘలుల పాఠం ఒకే సంచిలో తెచ్చుకునేవాడు. "భాయ్, మడ్డి పులిసి సారా ఎందుకు అవుతుందో ఇరవై ఏండ్లు చూసినాను, ఇవాళ తెలిసింది" అన్నాడొకసారి. అతను చదివింది బి.ఏ.!

ఇప్పటి పరిస్థితికి వద్దాం. 2006లో మన జిల్లాకే తెలంగాణ విశ్వవిద్యాలయం వచ్చింది, డిచ్‌పల్లిలో క్యాంపస్. అదే సంవత్సరం సచార్ కమిటీ నివేదిక వచ్చింది. దేశంలో ఇరవై ఏండ్లు పైబడిన ముస్లింలలో గ్రాడ్యుయేట్లు నూటికి నలుగురు కూడా లేరని, మొత్తం జనాభాలో ఏడుగురి దాకా వున్నారని తేల్చింది. ఇటువంటి స్థితిలో ఆర్ట్సా సైన్సా అన్న తగువు వద్దు, ముందు ఏదో ఒక డిగ్రీ రానీయండి అని కొందరు పెద్దలు అంటారు. వారి మాటలో న్యాయం వుంది. కాని ఇష్టం లేని గ్రూపులో వేసిన పిల్లలే మధ్యలో మానేస్తున్నారని నలభై ఏండ్లుగా ఫారాలు చూస్తున్న నాకు అనుభవం. ఆర్ట్సు పిల్లలకు మనం డబ్బు ఇవ్వలేదు గనక వారు మానేసింది మన రిజిస్టరులో కూడా లేదు.

2016 నుంచి తెలంగాణ డిగ్రీ కాలేజీల్లో సెమిస్టర్లు, క్రెడిట్ల పద్ధతి వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం ఆర్ట్సు సైన్సుల మధ్య గట్టి గోడలు వుండరాదని స్పష్టంగా చెప్పింది. కాగితం మీద మంచిదే. మన చిన్న ఊళ్ళ కాలేజీల్లో అధ్యాపకులు వుంటే గదా కలిపి చదివేది! ఫిజిక్సు ప్రాక్టికల్ వున్న గంటలోనే చరిత్ర క్లాసు పెడితే పిల్ల రెండు చోట్ల ఎట్లా కూర్చుంటుంది? టైం టేబుల్ వేసే మనిషి చేతిలోనే వుంది ఈ విధానం అంతా.

ఇంతకంటే మన పిల్లలకు పనికివచ్చే సంగతి 2022 ఏప్రిల్‌లో వచ్చింది. ఒకే సమయంలో రెండు డిగ్రీలు చదవవచ్చునని యు.జి.సి. అనుమతించింది. రెండూ కాలేజీకి పోయి చదివేవైతే క్లాసుల వేళలు ఒకదానికొకటి అడ్డు రాకూడదు. లేదా ఒకటి కాలేజీలో, రెండవది దూరవిద్యలో చదవవచ్చు. బోస్ గారు 1884లో చేసిన పని మన బోధన్ పిల్ల శక్కర్ నగర్ నుంచి చేయవచ్చన్నమాట. విదేశాల్లో ఇది కొత్తది కాదు. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ 1981 నుంచే ఆర్ట్సు, సైన్సు అన్న పేరుతోనే ఒక డిగ్రీ నడుపుతున్నది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ 2012లో మొదలుపెట్టింది. ఆస్ట్రేలియాలో రెండు డిగ్రీలు జోడించి చదవటం మామూలు.

ఇక ఫ్యాక్టరీ సంగతి అందరికీ తెలిసిందే. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ అన్నారు, హూటర్ ఆగిపోయింది. మా కాలంలో పది పాసైనా ఫెయిలైనా సీజన్ పని వుండేది, తండ్రి వుంటే కొడుకును తీసుకునేవారు. ఇప్పుడు ఆ ఆసరా లేదు. "బి.ఏ. చదివి ఏం చేస్తది" అన్న ఆ తండ్రి కూడా లే ఆఫ్ అయినవాడే. అతని భయం నాకు అర్థమైంది, అందుకే ఆ రోజు ఏమీ అనలేకపోయినాను.

ఆ అమ్మాయి ఇప్పుడు నిజామాబాద్‌లో బి.ఎస్సీ. రెండవ సంవత్సరం. ఈ మధ్య రెండు డిగ్రీల నియమం గురించి చెబితే, సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చరిత్ర, ఉర్దూతో బి.ఏ.కు కూడా ఫీజు కట్టింది. ఆ ఫీజు మన సంఘం ఇవ్వలేదు, నియమం లేదు గనక. తండ్రే ఇచ్చినాడు. అడిగితే, "రెండు కాయితాలుంటే ఏదో ఒకటి పనికొస్తది గద సాబ్" అన్నాడు.

"సైన్సు, టెక్నికల్, వృత్తి విద్యలు" అన్న మాటలు తీసేసి "ఏదైనా డిగ్రీ, ఒకటైనా రెండైనా" అని మార్చాలని ఈసారి జనరల్ బాడీకి రాతపూర్వకంగా ప్రతిపాదన ఇచ్చినాను. ఆ నియమం రాసిన మిగిలిన ఇద్దరిలో ఒకరు అల్లాహ్ దగ్గరికి వెళ్ళిపోయినారు. రెండవవారు నా ప్రతిపాదనను వ్యతిరేకిస్తామని ఇప్పటికే ఫోను చేసి చెప్పినారు, వారి వాదన కూడా వినదగినదే, నిధి చిన్నది, అడిగేవారు ఎక్కువ. సభ్యులందరూ తప్పక రావాలి. వచ్చేటప్పుడు ఇంట్లో డిగ్రీ చదువుతున్న పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, వెంట తీసుకురండి. వాళ్ళను కూడా అడుగుదాం.